ఉచితము ఉచితమేనా?



సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది, యోగ్యమైనది. తెలుగులో ఆ మాటే ‘వెల లేనిది’ అన్న అర్థంలో స్థిరపడింది. వెల లేనిదల్లా తగినదే అన్న భ్రాంతి నేడు చేతిలోని ఫోను ద్వారా ఇంటింటా ప్రవేశించింది. పంచాంగం ఉచితం, ప్రవచనం ఉచితం, దారి చూపే పటం ఉచితం. చివరకు అప్పు సైతం హామీదారు లేకుండా, పత్రం లేకుండా, నిమిషాలలో లభిస్తున్నది. ప్రతిగా అడుగుతున్నది ఒక్కటే: ‘అనుమతించు’ అన్న చోట వ్రేలు మోపడం. ఆ వ్రేలిముద్ర ధర్మశాస్త్రం దృష్టిలో దానమవుతుందా, కాదా?

అనంతపురం పీఠభూమిలో సంవత్సరానికి కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న నేల ఇది. నైరృతి మేఘం కనుమలు దాటేసరికి రిక్తహస్తమవుతుంది. ఈశాన్య మేఘం ఇంతదూరం చేరేలోపే అలసిపోతుంది. వేరుశనగ విత్తిన రైతుకు ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే విత్తనపు ఖర్చు కూడా తిరిగి రాదు. అప్పుడు అప్పు తప్పదు. పూర్వం ఆ అప్పుకు ఆధారం ఒక ప్రామిసరీ నోటు, తాకట్టు ఒక పుస్తెలతాడు. నేడు తాకట్టు వస్తువు మారింది. ఫోనులో దాచుకొన్న పేర్ల పట్టిక, ఛాయాచిత్రాలు, సందేశాలు తాకట్టుకు వెళుతున్నవి. తాకట్టు పెట్టిన సంగతి పెట్టినవానికే తెలియదు.

దీని ఫలం తెలుగువారికి అనుభవైకవేద్యం. 2020 చివరి మాసాలలో ఇటువంటి రుణయాప్‌ల వేధింపులు తాళలేక తెలంగాణలో పలువురు ఆత్మహత్య చేసుకొన్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు జరిపి అనేకులను నిర్బంధించారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి మరణాలే సంభవించినవి. వసూలు పద్ధతి ఒక్కటే. వాయిదా తప్పిన మరునాడు అప్పు తీసుకొన్నవానిని విడిచి, అతని ఫోనులో ఉన్న మామగారికి, వియ్యంకునికి, పిల్లల ఉపాధ్యాయునికి సందేశాలు పంపడం. అతని ముఖాన్ని అశ్లీలచిత్రాలకు అతికించి బంధువర్గమంతటికీ చేరవేయడం. రిజర్వు బ్యాంకు నియమించిన కార్యబృందం 2021లో పరిశీలించగా, భారతీయుల ఆండ్రాయిడ్ ఫోన్లకు అందుబాటులో ఉన్న దాదాపు 1,100 రుణయాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

“అనుమతి వాడే ఇచ్చాడు కదా” అన్నది ఆ వ్యాపారుల సమర్థన. విద్యావంతులు కూడా ఈ మాటనే వల్లిస్తున్నారు. ఇదెంత నిస్సారమైన మాటో తెలియాలంటే వ్యవహారకాండను తెరవాలి. నారదస్మృతి ‘దత్తాప్రదానికం’ అనే వ్యవహారపదంలో దానవిషయాన్ని నాలుగు భాగాలు చేసింది: ఇవ్వదగినది, ఇవ్వరానిది, ఇచ్చినది, ఇచ్చినా ఇచ్చినట్లు కానిది. చివరి దానికి ‘అదత్తం’ అని పేరు. అది పదహారు విధాలు. భయంతో ఇచ్చినది, శోకంలో ఇచ్చినది, ఆర్తుడు ఇచ్చినది, బాలుడు ఇచ్చినది, అస్వతంత్రుడు ఇచ్చినది, విషయమెరుగని మూఢుడు ఇచ్చినది, మోసానికి లోబడి ఇచ్చినది అందులో ఉన్నవి. చేయి చాచి ఇచ్చినా, నోటితో చెప్పినా అది దానం కాదు.

ఇక పంట ఎండిన రైతు రాత్రి పది గంటలకు, కుమార్తె కళాశాల రుసుముకు మరునాడే గడువని తెలిసి, ఇంగ్లీషులో నలభై పుటల షరతుల క్రింద ‘సమ్మతం’ అని వ్రేలు మోపినప్పుడు ఆర్తి లేదా? అజ్ఞానం లేదా? ఛలం లేదా? స్మృతికారుడు అదత్తమని చెప్పడానికి వీటిలో ఒక్క హేతువు చాలు.

ఇంతకన్న గంభీరమైన దోషం మరొకటి ఉన్నది. అదత్తం ఇచ్చినవాని స్థితికి సంబంధించినది. అదేయం ఇచ్చిన వస్తువుకు సంబంధించినది. యాజ్ఞవల్క్యుడు దానానికి పెట్టిన మొదటి నియమం, ఇచ్చేది తనదై ఉండాలి. రెండవది, దానివల్ల కుటుంబానికి హాని కలుగరాదు. ఆ ప్రకరణానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను తెలుగువారు కేతన కాలం నుండి తమ భాషలోనే చదువుకొంటున్నారు. నారదుడు అదేయాలను ఎనిమిదిగా లెక్కించాడు. ఇతరులు నమ్మి దాచిన నిక్షేపం, ఎరువుగా తెచ్చుకొన్న యాచితకం, పలువురికి ఉమ్మడియైన సాధారణద్రవ్యం వాటిలో ప్రధానమైనవి. ఫోనులోని పేర్ల పట్టిక ఎవరిది? మేనత్త తన నంబరును మేనల్లునికి ఇచ్చింది; అది నిక్షేపం. అన్నదమ్ములు నలుగురూ కలసి ఉన్న ఛాయాచిత్రం సాధారణద్రవ్యం. ఒకడు ‘అనుమతించు’ అన్నప్పుడు ఇచ్చినది తన సొత్తు కాదు. దానం చేశాననుకొన్నవాడు పరుల సొమ్ము పంచిపెట్టాడు.

ఈ విషయం అనంతపురం రైతుకు వేరొకరు బోధించనక్కరలేదు, బోరుబావి ఎప్పుడో బోధించింది. ఒకడు తన పొలంలో, తన ధనంతో, రెండువందల అడుగుల బావి పక్కన ఎనిమిదివందల అడుగుల బోరు వేస్తే పొరుగువాని మోటారు గాలి కక్కుతుంది. నేల తనదే కావచ్చు, క్రింద నీరు మాత్రం ఊరందరిది. అందుకే 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీరు, భూమి, వృక్షాల చట్టాన్ని చేసింది; ‘వాల్టా’ అన్నది దానికి జనం పెట్టుకొన్న పేరు. బోరు వేయడానికి అనుమతి, తాగునీటి బావుల సమీపంలో నిషేధం అందులోని నియమాలు. అది ఎంతవరకు అమలైనదన్నది వేరే కథ. నీరు ఉమ్మడి సొత్తన్న సూత్రాన్ని మాత్రం ఎవరూ కాదనలేదు. ఆంతరంగిక సమాచారం కూడా భూగర్భజలమే. ఒకని ఫోనులో రంధ్రం పడితే వంద ఇండ్ల బావులు ఎండుతవి.

భక్తవర్గంలో మాత్రం వేరొక వాదం వినబడుతున్నది: “ఈశ్వరుడు సర్వసాక్షి. ఆయన ఎదుట దాపరికం లేనప్పుడు, ఎవడో కంపెనీవాడు చూస్తే నష్టమేమి?” వినడానికి ఇది వేదాంతంలా ఉన్నది. ముండకోపనిషత్తులోని రెండు పక్షులను స్మరిస్తే దీని డొల్లతనం బయటపడుతుంది. ఒక పక్షి ఫలం తింటుంది. రెండవది తినదు, చూస్తుంది. తినదు గనుకనే అది సాక్షి. ఈ వ్యాపారి ఆ చెట్టుపై వ్రాలిన మూడవ పక్షి, తినడానికే చూస్తాడు. ఏ ఇంట గర్భిణి ఉన్నదో, ఎవరికి మధుమేహమో, ఎవరు అప్పులో ఉన్నారో తెలుసుకొని, ఆ తెలివిని ప్రకటనకర్తకు అమ్ముకొనేవాడిని సర్వసాక్షితో పోల్చడం అపచారం.

“నాదంటూ ఏదీ లేదు, ఇక గోప్యమెక్కడిది” అనే వైరాగ్యవాదం మరొకటి. నిజమైన విరక్తుడైతే తనది విడవవచ్చు, మేనత్త నంబరును విడిచే అధికారం అతనికి ఎవరిచ్చారు?

“ఆండ్రాయిడ్ బహిరంగ సాఫ్ట్‌వేరు కదా, దానిలో కపటమెట్లా ఉంటుంది?” అని సాంకేతికజ్ఞానం కొంత ఉన్న యువకులు అడుగుతారు. ప్రశ్న మంచిదే. ఆండ్రాయిడ్ మూలభాగం లినక్స్ మీద నిర్మితమైనది. దాని మూలగ్రంథాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. అయితే దుకాణంలో కొన్న ఫోనులో ఉన్నది ఆ మూలం మాత్రమే కాదు. దానిపై గూగుల్ ప్లే సర్వీసులనే మూసిన పెట్టె అమరి ఉన్నది. దాని అంతర్భాగం లోకానికి కనబడదు. సత్రం వాకిలి తెరచి ఉన్నది, వంటశాల మాత్రం తాళం వేసి ఉన్నది. 2018లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డగ్లస్ ష్మిట్ ఒక పరీక్ష చేశాడు. కదలక పడి ఉన్న ఆండ్రాయిడ్ ఫోను, క్రోమ్ వెనుక నడుస్తూ ఉండగా, ఒక్క అహోరాత్రంలో స్థానసమాచారాన్ని 340 మార్లు గూగుల్‌కు చేరవేసింది. అహోరాత్రానికి అరవై ఘడియలు. అంటే ఘడియకు అయిదారు మార్లు. త్రికాలసంధ్యకు తీరిక లేదనేవారి జేబులో ఇంత నిష్ఠ! ఆండ్రాయిడ్ విషయంలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

కనుక బహిరంగ సాఫ్ట్‌వేరును నిందించడం తగదు. దాని పేరు చెప్పుకొని మూసిన పెట్టెను అంటగట్టడమే నింద్యం. నిజమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు తెలుగునాట ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు ఏళ్లుగా కృషి చేస్తున్నవి. విద్యను దాచుకోకుండా పంచడం గురుకులాలకు కొత్త కాదు.

ప్రభుత్వం సైతం ఈ వీధిలోనే ఇల్లు కట్టుకొన్నది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేర వాట్సాప్‌లో పౌరసేవలు ప్రారంభించింది. తొలి విడతలోనే 161 సేవలు, దేవాదాయశాఖవి వాటిలో చేరినవి. రాయదుర్గం కూలీకి ధ్రువపత్రం కోసం ఒక పూట కూలి పోకపోవడం మేలే, కాదనరాదు. అయితే ఆ వాట్సాప్ యజమాని మెటా. 2021లో ‘ఒప్పుకొంటే ఉండు, లేకుంటే పో’ అన్న పద్ధతిలో వాట్సాప్ సమాచారవిధానాన్ని వాడుకరులపై రుద్దినందుకు అదే పోటీ కమిషన్ 2024 నవంబరు 18న మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. ప్రభుత్వపు వాకిలే ఆ ఇంటిలో ఉన్నప్పుడు, ఆ ఇల్లు తొక్కనని చెప్పే స్వాతంత్ర్యం పౌరునికి ఎంత మిగులుతుంది? కార్యాలయపు పాత వాకిలిని కూడా తెరచి ఉంచడం ప్రభుత్వధర్మం.

రాజశాసనం ఆలస్యంగానైనా స్మృతిమార్గానికి దగ్గరగా వచ్చింది. ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో, తన 86వ ఏట, సుప్రీంకోర్టు మెట్లెక్కినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వ్యాజ్యంలో గోప్యత మౌలికహక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు, రుణయాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రాలను, కాల్ వివరాలను ముట్టరాదని ఆదేశించింది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, నిస్సందిగ్ధంగా ఇచ్చినదై ఉండాలన్నది. ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అంటే తెలుగులోనూ, షరతులు చదువుకొనే అవకాశం ఉండాలన్నది. తెలుగులో షరతులు అడగడం ఇక యాచన కాదు, హక్కు.

ఇతరులను విమర్శించే ముందు ఆలయప్రాంగణాన్ని కూడా ఊడ్చుకోవాలి. పంచాంగపు యాప్ ఊరి పేరు అడగడం న్యాయం. అనంతపురంలోని సూర్యోదయం విజయవాడ సూర్యోదయం కాదు, తిథినిర్ణయానికి అది కావాలి. పేర్ల పట్టిక ఏ తిథినిర్ణయానికి కావాలి? అడిగిన యాప్‌ను తొలగించి, గోడకు కాగితపు పంచాంగం తగిలించుకోవడం మేలు. సంకల్పంలో భక్తుని గోత్రనామాలు, అతని వ్యాధి, అతని ఋణబాధ అర్చకుని చెవిని దాటి గర్భాలయంలోకే వెళ్లేవి. హుండీలో వేసిన రూపాయికి పేరు లేదు. అటువంటి ఆలయాల కమిటీలే నేడు సేవ చేయించుకొన్నవారి పేరు, గోత్రం, ఊరు, ఫోను నంబరు వరుసగా వ్రాసి రెండువందల మంది ఉన్న వాట్సాప్ సమూహంలో పెడుతున్నవి. ఆ రెండువందల మందిలో ఎవరి ఫోనులో ఏ రుణయాప్ ఉన్నదో కమిటీకి తెలియదు. ఈ కార్తీకమాసపు పట్టికలు వ్రాసేవారు చివరి గడిని ఖాళీగా వదలవచ్చు.