బొమ్మ కాదు, కాపలాదారు

ముఖం నిండా జుట్టు, ఒడిలో ఇమిడే ఒళ్లు. లాసా ఆప్సోను చూడగానే ఆటబొమ్మ అనుకుంటాం. పొరపాటు. టిబెట్ బౌద్ధారామాల్లో బయట భారీ మాస్టిఫ్‌లు కాపలా కాస్తే, లోపలి అలికిడిని పసిగట్టి మొరిగే పని దీనిది. 13వ దలైలామా కానుకగా ఇచ్చిన జంట 1933లో అమెరికా చేరింది. 1935లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. మన అపార్ట్‌మెంట్లకు వచ్చినా పాత ఉద్యోగం మానలేదు. కొత్తవాళ్లంటే అనుమానం, ఇంటివాళ్ల మాటైనా మనసైతేనే వింటుంది. అసలు చిక్కు జుట్టుతోనే. టిబెట్ చలికి తగ్గట్టు ఒత్తుగా పెరిగే ఆ బొచ్చు హైదరాబాద్ ఎండల్లో శిక్షే. కత్తిరించకుండా పెంచితే రోజూ దువ్వాలి, లేదంటే ఉండలు కడుతుంది. ఆయుష్షు 12 నుంచి 15 ఏళ్లు. పిల్లాడి పుట్టినరోజుకని కొంటే, వాడు కాలేజీకి వెళ్లేదాకా దువ్వెన పట్టేది మాత్రం అమ్మే.