మింగేది ఏమిటో చెప్పండి

స్త్రీల ఆరోగ్యం అనగానే మనకు కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి గుర్తొస్తాయి. ముట్లుడిగిన తర్వాత కూడా స్త్రీకి ఒక శరీరం ఉంటుందన్న సంగతి డాక్టర్లే కాదు, ఉద్యమాల్లో ఉన్న మనమూ మర్చిపోతుంటాం. మోకాళ్ళు పట్టేసి, నిద్రపట్టక, మూత్రంలో మంటతో అవస్థపడే డెబ్బై ఏళ్ళ స్త్రీ ఎక్కడికి పోతుంది? తన మాట వినే ఓపిక ఉన్నవాళ్ళ దగ్గరికి పోతుంది. చైనా, తైవాన్, హాంకాంగ్‌లలో ఆమె చాలాసార్లు పోయేది మూలికల వైద్యుడి దగ్గరికే. ఆయన నాడి పట్టుకుంటాడు, నాలుక చూస్తాడు, నిద్ర గురించీ తిండి గురించీ అడుగుతాడు. పెద్దాసుపత్రి క్యూలో ఆ పాటి గౌరవం దొరకదు. అందుకని ఆమెని మూఢురాలు అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆయన ఆమె చేతిలో పెట్టే పొట్లంతోనూ పేచీ ఉంది.

చైనా వైద్యాన్ని మొత్తంగా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. మలేరియాకి ఇప్పుడు వాడే ఆర్టెమిసినిన్‌ని అక్కడి ప్రాచీన వైద్యగ్రంథం ఇచ్చిన ఆధారంతో చింగ్‌హావ్ అనే మొక్క నుంచి వెలికి తీసింది టూ యూయూ అనే స్త్రీ. 2015లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకంలో ఉంది కాబట్టి మంచిదే అని ఆమె ఊరుకోలేదు. జంతువుల మీద పరీక్షించి, 1972లో తనూ తన సహచరులూ ముందు మింగి చూసి, ఆ తర్వాతే రోగులకి ఇచ్చారు. "వేల ఏళ్ళుగా వాడుతున్నారు, హాని ఉంటే ఈపాటికి తెలిసేది కదా" అన్న వాదన వినిపించినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది.

ఆ వాదన ఎందుకు నిలవదో అరిస్టొలోకియా మొక్కల కథ చెబుతుంది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గడానికి మాత్రలు వాడిన స్త్రీలకి మూత్రపిండాలు చెడిపోయాయి. ముందు ఇద్దరితో బయటపడింది, చివరికి లెక్క నూరు దాటింది. ఆ మాత్రల్లో కలిపింది ఫాంగ్‌జీ అనే చైనా మూలిక. ఆ పేరుతో ఒకటికి మించి మొక్కలున్నాయి. రావలసిన మొక్క బదులు గ్వాంగ్ ఫాంగ్‌జీ వచ్చింది, అది అరిస్టొలోకియా. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాన్ని ఎండగడుతుంది, క్యాన్సర్‌నీ పుట్టిస్తుంది. పనిచేయని మూత్రపిండాల్నీ మూత్రనాళాల్నీ ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉందని 2000లో వెల్లడైంది.

వీళ్ళు వృద్ధులు కారు కదా అనొచ్చు. నిజమే. కానీ ఈ విషం అందరి దగ్గరా ఒకే తొందరలో ఉండదు. మూత్రపిండాల కణాల్లోని డిఎన్ఏకి అతుక్కుని ఏళ్ళ తరబడి అలా ఉండిపోతుంది. నలభైలో మింగినదానికి బాకీ డెబ్బైలో కట్టాల్సి రావచ్చు. అప్పటికి పొట్లం పేరు ఎవరికి గుర్తుంటుంది? ముసలామెకి కాళ్ళు వాచినా, నీరసంతో మంచం పట్టినా, "వయసు మీద పడింది" అంటారు ఇంట్లోవాళ్ళు. చాలాసార్లు డాక్టరూ అదే అంటాడు. వయసు మీద నేరం మోపితే ఇక విచారణ ఉండదు.

తైవాన్ సంగతి ఇంకా పెద్దది. అక్కడ 1995లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా చైనా వైద్యానికి కూడా డబ్బు చెల్లిస్తుంది. మంచి పనే. అయితే అరిస్టొలోకియా కలిసిన మందులు కూడా ఆ చీటీల మీదే వెళ్ళాయి. 2003లో ప్రభుత్వం వాటిని నిషేధించేలోగా జనాభాలో దాదాపు మూడోవంతు మందికి అవి రాసిచ్చారని బీమా రికార్డులు తిరగేసిన పరిశోధకులు తేల్చారు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి పోయే దారిలో వచ్చే క్యాన్సర్ పాశ్చాత్య దేశాల్లో అరుదు, వచ్చినా మగవాళ్ళకే ఎక్కువ. తైవాన్‌లో అది అసాధారణంగా ఎక్కువ, స్త్రీలని ఎంతమాత్రం వదల్లేదు. 2012లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి 151 మంది రోగులని పరీక్షిస్తే, 60 శాతం మంది శరీరంలో ఈ ఆమ్లం వదిలిన గుర్తులు దొరికాయి.

చైనాలోనూ అంతే. లుంగ్‌దాన్ షియేగాన్ అనే పేరుపడిన మాత్రల్లో ముటోంగ్ అనే మూలిక పడాలి. ఏళ్ళ తరబడి దాని స్థానంలో పడింది గ్వాన్ ముటోంగ్, అదీ అరిస్టొలోకియానే. నోరు చేదుగా ఉందనో, కళ్ళు మండుతున్నాయనో జనం కొనుక్కుని మింగారు. 2003లో గానీ ప్రభుత్వం దాన్ని తీసేయించలేదు. బ్రస్సెల్స్ సంగతి లోకానికి తెలిసి అప్పటికి పదేళ్ళయింది.

ఇక రెండో ప్రమాదం. పెద్దవయసు వాళ్ళు ఒక్క మందుతో ఆగరు. గుండెకి ఒకటి, బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే మనిషి దాన్‌షెన్ గానీ దాంగ్‌గ్వెయ్ గానీ కలిపి తీసుకుంటే రక్తస్రావం జరగవచ్చు. చైనా కషాయాల్లో తరచుగా పడే అతిమధురం ఎక్కువ రోజులు తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గుండెకి డిగాక్సిన్ వేసుకునేవాళ్ళకి అది ప్రాణాంతకం. కీళ్ళ నొప్పులకి ఇచ్చే నాభి జాతి వేర్లని చాలాసేపు ఉడికిస్తేనే విషం విరుగుతుంది. సగం ఉడికిన కషాయంతో గుండె లయ తప్పినవాళ్ళు హాంకాంగ్ ఆసుపత్రుల్లో చాలామంది చేరారు.

మూడోది పచ్చి మోసం. తైవాన్‌లో 2,609 మూలికా మందుల నమూనాలు పరీక్షిస్తే దాదాపు 24 శాతంలో చెప్పకుండా కలిపిన ఇంగ్లీషు మందులు బయటపడ్డాయని 1997లో ప్రచురించారు. పారాసెటమాల్, ఇండోమెథాసిన్, ప్రెడ్నిసొలోన్. రెండు రోజుల్లో మోకాళ్ళ నొప్పి మాయమైతే అది వేరు మహిమ అనుకుంటుంది పెద్దావిడ. అది స్టెరాయిడ్ మహిమ కావచ్చు. ఆ తర్వాత ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. కాలిఫోర్నియా దుకాణాల్లో కొన్న 260 ఆసియా మందుల్లో 83లో చెప్పని మందులో, సీసం, పాదరసం లాంటి లోహాలో ఉన్నాయని 1998లో తేలింది. ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళకి ఎనిమిది మూలికల మందని అమెరికాలో అమ్మిన పీసీ-స్పెస్‌లో వార్ఫరిన్, డీఈఎస్ అనే కృత్రిమ హార్మోను దొరికాయి. 2002లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1994 చట్టం ప్రకారం అక్కడ ఇలాంటివి అమ్మే ముందు భద్రత రుజువు చేయనక్కర్లేదు. జనం మింగి రుజువు చేయాలి.

మనకిది కొత్త పోరాటం కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి వచ్చిన స్త్రీలకి అది ప్రయోగమని చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది, మర్నాడు ఏడాది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పుడు అడిగిన ప్రశ్న ఒకటే: ఒంట్లోకి పోయేదేమిటో ఆ స్త్రీకి చెప్పారా? సూదిమందుని అడిగిన ప్రశ్న వేరునీ ఆకునీ అడగకూడదా? విదేశీ కంపెనీ అయితే అనుమానించి, ప్రకృతి అనగానే చేతులు జోడించడం మనలోనూ ఉంది. నిజానికి మన పొలం గట్ల మీద మొలిచే గాడిదగడపాకు, నాటువైద్యంలో వాడే ఈశ్వరి వేరు ఆ అరిస్టొలోకియా జాతివే.

తైవాన్‌లో పరిశోధకుల లెక్కకి పనికొచ్చిన బీమా రికార్డు ఆ స్త్రీది కూడా. 2003కి ముందు తనకి ఏ మందు, ఎన్ని రోజులు ఇచ్చారో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వాలి. ఏటా మూత్రపరీక్ష ప్రభుత్వమే చేయించాలి. ఎక్కడ అమ్మినా పొట్లం మీద మొక్క శాస్త్రీయ నామం, అన్ని దినుసులూ, ఏ మందులతో కలపకూడదో, వృద్ధుల కళ్ళకి ఆనేంత అక్షరాల్లో ఉండాలి. డాక్టరు కసరకుండా, "ఇంకేమైనా వాడుతున్నారామ్మా?" అని అడగాలి. కసిరితే ఆమె దాస్తుంది.

మనవైపు నుంచి ఒక చిన్న పని. సంఘం సమావేశానికి వచ్చే పెద్దవాళ్ళని ఈసారి ఇంట్లో ఉన్న మందులన్నీ, వేర్లు, పొడులు, సీసాలతో సహా ఒక సంచిలో వేసుకుని రమ్మనండి. నమ్మకం ఉన్న డాక్టరుని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే బయటికి తీసి పేరు చదవండి. పేరు లేని పొట్లాలు ఎన్ని తేలాయో లెక్క రాసి మన పత్రికకి పంపండి.