ఏటి ఒడ్డు కూలేది కిందినుంచే

వీడియోలో కొబ్బరిచెట్టు వేళ్లతో సహా గోదాట్లోకి ఒరిగిపోవడం చూశారు కదా. అప్పటికి వరద లేదండి. నీరు తీసి నాలుగు రోజులైంది.

వరద పోయాక ఎందుకు కూలుతుంది? మన కోనసీమ లంకల్లో ఒడ్డు చూడండి. చాలాచోట్ల పైన ఒండ్రు, కింద ఇసుక. ఏరు వంపు తిరిగేచోట నీరు బయటి ఒడ్డుకి కొట్టి, అడుగున ఇసుకని లాగేస్తుంది. పైమట్టి చూరులా వేలాడుతుంది. వరద ఉన్నంతసేపూ ఏటి నీరే దానికి ఆసరా. నీరు గబగబా తీస్తే ఆసరా పోతుంది, మట్టిలో ఇంకిన నీటి బరువు మాత్రం లోపలే ఉంటుంది. బీట తీస్తుంది, దిమ్మకి దిమ్మ జారిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత నీరు వచ్చి తీశాక ఒడ్డు గతి ఏమిటో లంక రైతుకి వేరే చెప్పక్కర్లేదు.

నేను ప్రకృతి వ్యవసాయం చేసేవాణ్ణే. అయినా ఒక మాట చెప్పాలి. "వట్టివేరు నాటితే ఒడ్డు నిలుస్తుంది" అన్నది సగమే నిజం. నేనూ ఒడ్డు మీద రెండు వరసలు నాటాను. వాన నీటికి మట్టి కొట్టుకుపోవడం బాగా తగ్గింది. కానీ తర్వాతి వరదకి ఒక వరస మొత్తం, వేళ్లు మట్టిని పట్టుకునే, ఏట్లో పడింది. వేరు రెండు మూడు మీటర్లు దిగుతుంది. ఏరు అంతకంటే కింద తవ్వితే వేరు ఏం చేస్తుంది?

ఆ అడుగు ఇసుకనే మనం ట్రాక్టర్లకెత్తి అమ్ముతున్నాం. తవ్వేవాళ్లలో బయటివాళ్లే కాదు, కిరాయికి ఆశపడ్డ మన ఊరివాళ్లూ ఉన్నారు. ఒడ్డు పక్కన గొయ్యి తీస్తే ఒడ్డు ఎత్తు పెరిగినట్టే, కూలడం సులువైనట్టే.

అందుకని నా అభిప్రాయం ఇదండి. ఒడ్డువార కొంత మేర దున్నొద్దు, రెల్లు పీకొద్దు, మోటారు నీళ్లు నిలవనివ్వొద్దు. ఒడ్డు దగ్గర ఇసుక తవ్వకం గ్రామసభలో గట్టిగా అడ్డుకోవాలి. ఏరు నేరుగా కొట్టేచోట రాతి రివిట్‌మెంటు, గ్రోయిన్లు ప్రభుత్వమే వేయాలి. రాయి ప్రకృతి విరుద్ధం అని మనం మొహమాటపడక్కర్లేదు.

పదేళ్లు జీవామృతం పోసి బతికించుకున్న నేల ఒక్క రాత్రిలో పోతుంది. పాస్‌బుక్కులో ఎకరం అలాగే ఉంటుంది, దున్నడానికే ఉండదు.

వరద తీశాక వారం రోజులు ఒడ్డువార పశువుల్ని కట్టకండి. బీట కనిపిస్తే ఆ పక్కకే వెళ్లకండి.