నర్సింగ్ పట్టా తర్వాతి పరీక్షకు ఆసరా ఇవ్వండి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, అమెరికా లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్షకు చదువుతున్న నర్సుల తరఫున రాస్తున్నాను.

మా నాలుగేళ్ల పరీక్షలు ఎక్కువగా నిర్వచనాలు, లక్షణాలు రాయమనేవి. ఎన్‌క్లెక్స్ మాత్రం నలుగురు రోగుల స్థితి చెప్పి, ముందు ఎవరి దగ్గరికి వెళ్తావని అడుగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి ఒకే రోగి కేసును దశలవారీగా ఇచ్చి, ఏ మార్పు ప్రమాదకరమో పట్టుకోమంటోంది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. సమయం ఐదు గంటలు. మన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటరే తేలుస్తుంది. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. దీనికి బట్టీ పనికిరాదు, రోజూ సాధన కావాలి. నైట్ డ్యూటీ దిగివచ్చి, సొంత కంప్యూటర్ లేకుండా, ఆ సాధన ఎలా సాగుతుంది?

ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల కంప్యూటర్ ల్యాబులను సాయంత్రాలు పాత విద్యార్థులకూ తెరిపించండి. ప్రశ్నల బ్యాంకుకు లైబ్రరీ తరఫున చందా కట్టించండి. కాలేజీలు, నర్సింగ్ కౌన్సిల్ విదేశాలకు నేరుగా పంపాల్సిన పత్రాలకు గడువు పెట్టండి.

వెళ్లిపోయేవాళ్లకు సర్కారు సొమ్మెందుకని కొందరు అడగవచ్చు. చదివినవాళ్లందరూ వెళ్లరు. రోగి పరిస్థితి విషమిస్తోందని ముందే పసిగట్టే నేర్పు గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల వార్డుల్లోనూ ప్రాణాలు కాపాడుతుంది. అందుకే మూడో ఏడాది నుంచే ఇలాంటి కేసులతో తరగతులు పెట్టించండి. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్క కాలేజీలోనైనా మొదలుపెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, హైదరాబాద్