కార్డును చెరుపుటకు ముందు

మా పాఠశాల విజ్ఞానశాలయందు అరచేతిలో నిముడునంతటి చిన్న కంప్యూటరొకటి కలదు. దాని పేరు రాస్ప్‌బెరీ పై. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జివారు ముఖ్యముగా బడిపిల్లలకొఱకు 2012వ సంవత్సరమున దీనిని మొదట వెలువరించిరి. మాది 2016లో వచ్చిన మూడవ తరమునకు జెందినది. ఒక్క పలకమీదనే సర్వమును అమర్చబడిన యీ యంత్రమునకు హార్డుడిస్కు లేదు. లినక్సును, దానిపై విద్యార్థులు చేసిన పనియు వ్రేలిగోరంత ఎస్.డి. కార్డులోనే యుండును.

యంత్రము లేవనపుడు "కార్డు చెరిపి మరల వ్రాయండి" అను సలహా ప్రొద్దుటూరి అంగళ్లయందును, పులివెందులలోని మా తోటి ఉపాధ్యాయులయొద్దను, మా తరగతులలోను ఒక్కరీతిగా వినవచ్చుచున్నది. అది మరమ్మతు కాదని మా యభిప్రాయము.

ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. జమ్మలమడుగునుండి వచ్చుచుండిన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు జూను మొదలు నవంబరు వరకు వానకొలతలను, ఉష్ణోగ్రతలను దినదినము దీనిలోనికి ఎక్కించెను. ఒకనాడు కరెంటు పోయి వచ్చిన పిమ్మట యంత్రము లేవలేదు. మేము కార్డును దీసి ఆఫీసుగదిలోని విండోసు కంప్యూటరున బెట్టితిమి. "ఈ డిస్కును ఫార్మాటు చేయవలెనా?" యని యది యడిగెను. లినక్సు భాగమును విండోసు చదువజాలదు. చదువజాలనిదానికెల్ల అట్లే యడుగును. ఇది మాకప్పుడు తెలియదు. ఔనని నొక్కితిమి. ఆఱు మాసముల కొలతలు పోయినవి. బాలుడు "పోనీలెండి సార్, వచ్చే వానలకు మళ్లీ కొలుస్తాను" అనెను. మమ్ము నిందించియుండినను అంత బాధ కలుగకపోవును.

నిజమునకు యంత్రము తానెచ్చట నాగెనో తానే తెలుపును. మొదట ఎఱ్ఱదీపమును జూడవలెను. విద్యుత్తు 4.63 వోల్టులకు తగ్గినచో అది ఆరిపోవును. దీనికి 5 వోల్టులయొద్ద 2.5 ఆంపియర్లు కావలెను. పాత సెల్‌ఫోను చార్జరు, సన్నని కేబులు అంత యీయజాలవు. మా చేతికి వచ్చిన వానిలో తఱచు దోషమిదియే, కార్డునకు దీనితో నిమిత్తమే లేదు.

పిదప పచ్చదీపము. ఈ పలకపై ముందుగా మేల్కొనునది గ్రాఫిక్సు ప్రాసెసరు. ప్రధాన ప్రాసెసరు అప్పటికింకను నిద్రలోనే యుండును. అది కార్డు మొదటి భాగమునుండి బూట్‌కోడ్ అను ఫైలును, తరువాత స్టార్ట్ ఫైలును, ఆ వెనుక లినక్సునకు మూలమగు కెర్నలును వరుసగా చదువును. పచ్చదీపము నాలుగుమార్లు మిణికి యాగుచున్నచో స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుమార్లు మిణికినచో కెర్నలు దొరకలేదని యర్థము. తెరపై ఇంద్రధనుస్సు రంగుల చదరము కదలక నిలిచినచో స్టార్ట్ ఫైలు వచ్చినది, కెర్నలు నడువలేదు. ఈ ఫైళ్లన్నియు మొదటి భాగమునందే యున్నవి. ఆ భాగమును విండోసు కూడ చదువగలదు. కావున అదే లినక్సు వ్రాసిన మఱియొక కార్డునుండి లోపించిన ఫైలును నకలు చేసినచో చాలును. బాలుని పని యున్న రెండవ భాగమును తాకనక్కఱయే లేదు.

అక్షరములు తెరపై పరుగిడి, మూల ఫైలువ్యవస్థను తగిలించుకొనలేకపోతినని చెప్పి యాగినపుడే రెండవ భాగమును అనుమానింపవలెను. అప్పుడైనను మఱియొక లినక్సు కంప్యూటరుపై కార్డు నంతయు నకలు తీసి, ఆ నకలుమీదనే ఎఫ్.ఎస్.సి.కె. నడుపవలెను. నాలుగవ తరపు పలకలలో మొదటి బూట్‌కోడ్ పలకపైని చిప్పులోనే యుండును గనుక అచ్చట వరుస కొంత మాఱును.

నలువది నిమిషముల పీరియడులో ఇంత తీరిక యెక్కడిదని మిత్రులు కొందఱడుగుదురు. క్రొత్త కార్డయినచో, దానిపై ఎవరి పనియు లేనిచో, నిరభ్యంతరముగా చెరిపి వ్రాయవచ్చును. పని యున్న కార్డును ప్రక్కన బెట్టి, సొరుగులోని వేఱొక కార్డుతో నాటి పాఠము జరుపుకొనవచ్చును గదా!

తలిదండ్రులకొక మనవి. పిల్లలు ఇంటినుండి చార్జరు తెచ్చునపుడు దానిపై 2.5 ఆంపియర్లుగాని అంతకు మించిగాని వ్రాసియున్నదేమో ఒక్కమారు చూచి పంపుడు.