గొల్లపల్లి నర్సు అప్పు ఎవరు కట్టాలి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో అప్పు మొహం చూడని ఇల్లు అరుదు. దుబాయ్ వీసాకు అప్పు, మరమగ్గానికి అప్పు, బోరుకు అప్పు, ఆడపిల్ల పెళ్లికి అప్పు. ఇప్పుడు ఆ వరుసలోకి చదువు అప్పు చేరింది. గల్ఫ్ పోయినవాడి మొదటి ఏళ్ల సంపాదన ఏజెంటుకిచ్చిన పైసల మిత్తికే పోతుందని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. నర్సింగ్ చదివిన అమ్మాయి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసిన అబ్బాయి, కిర్గిజ్‌స్తాన్‌లోనో ఫిలిప్పీన్స్‌లోనో ఎంబీబీఎస్ చదివొచ్చిన డాక్టరు కూడా అదే లెక్క వేసుకుంటున్నారు. ఎక్కడికి పోతే కిస్తీ తొందరగా తీరుతుంది? ఈ లెక్కలో జగిత్యాల పక్కనున్న గొల్లపల్లి లాంటి మండలం ఎప్పుడూ ఓడిపోతోంది.

మా మాట సూటిగా చెబుతున్నాం. గ్రామీణ సర్కారు దవాఖానల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు, ఫార్మసిస్టుల చదువు అప్పును, వాళ్లు పనిచేసిన ఏడాదికి ఇంత అని లెక్కగట్టి రాష్ట్ర ప్రభుత్వమే బ్యాంకుకు కట్టాలి. దీన్ని దయ అనుకోనక్కర్లేదు. పల్లెకు వైద్యం తెచ్చే దారుల్లో ఖర్చు తక్కువైనది ఇదే.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొద్దుగూకే దాకా బీడీలు చుట్టే తల్లి. కూతురు నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజుకు, హాస్టల్‌కు, పుస్తకాలకు బ్యాంకులో 4 లక్షలు తీసుకున్నారు అనుకోండి. నాలుగు లక్షల లోపే కాబట్టి ఆస్తి తాకట్టు అడగలేదు, తల్లిదండ్రుల సంతకం తీసుకున్నారు. కోర్సు అయ్యాక ఒక ఏడాది ఆగి కిస్తీలు మొదలవుతాయి. 10 శాతం మిత్తి, పదేళ్ల గడువు అయితే నెలకు సుమారు 5,300 రూపాయలు. పల్లె దవాఖానలో నర్సింగ్ అర్హతతో చేరినవారికి ప్రభుత్వం ఖరారు చేసిన జీతం 29,900. కాంట్రాక్టు ఉద్యోగం. ఎప్పుడు తీసేస్తారో తెలియదు, జీతం ఏ నెల ఏ తేదీన పడుతుందో అంతకన్నా తెలియదు.

హైదరాబాద్ కార్పొరేట్ దవాఖానలో మొదటి జీతం దీనికన్నా గొప్పగా ఏమీ ఉండదు. అయినా అమ్మాయి అటే పోతుంది. పెద్ద దవాఖానలో రెండేళ్లు చేసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంటే సౌదీకో జర్మనీకో దారి దొరుకుతుంది. అక్కడ మూడేళ్లలో అప్పు తీరిపోయి, అమ్మ చాట కిందపెట్టే రోజు వస్తుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె వలసకు ఉన్నంత గట్టి కారణం ఆమె ఉండిపోవడానికి లేకుండా చేసింది మనం.

గొల్లపల్లి మారుమూల కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అడవిలో లేదు, ఏజెన్సీ కాదు. జగిత్యాల పక్కనే ఉంది, ఆటో ఎక్కితే చేరిపోవచ్చు. ఇబ్బంది సరిగ్గా అక్కడే. గిరిజన ప్రాంతమైతే ప్రత్యేక భత్యాలు, ప్రత్యేక లెక్కలు ఉంటాయి. పట్టణమైతే డాక్టర్లే వెతుక్కుంటూ వస్తారు. గొల్లపల్లి లాంటి మండలాలు రెంటికీ చెందక మధ్యలో మిగిలిపోతున్నాయి. చిల్వకోడూరులోనో రాఘవపట్నంలోనో రాత్రి పదకొండింటికి ఆయాసం ఎక్కువైన ముసలాయనకు జగిత్యాల ఎంత దూరమో పగటిపూట మ్యాపు చూసి చెప్పలేం. ఆ వేళ ఆయనకు అందేది డిగ్రీ లేని ఆర్‌ఎంపీ. గోడ మేకుకు గ్లూకోజు సీసా తగిలించి, ఒక సూది వేసి, పొద్దునకల్లా తగ్గుతుందంటాడు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందో ఏముందో రాసిచ్చే చీటీ ఉండదు. ఆర్‌ఎంపీలపై దాడులు చేసి కేసులు పెట్టడం అవసరమే కావచ్చు. ఆ రాత్రి ఆర్‌ఎంపీ స్థానంలో కూర్చునే అర్హత గల మనిషి ఎవరన్నదానికి మాత్రం ఆ దాడుల్లో జవాబు లేదు.

కాన్పుల్లో ఈ కొరత ఇంకా తేటగా కనబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆపరేషన్ కాన్పులు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. కరీంనగర్ ప్రాంతం అందులోనూ ముందు వరుసలో ఉంది. సహజ కాన్పులు పెంచేందుకు 2017లో ఇదే కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. మంచి పని. అంటే మనుషులను తయారు చేయడం మనకు చేతకాక కాదు, తయారైనవాళ్లను నిలుపుకోవడమే చేతకావడం లేదు.

వైద్య కళాశాలలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2022 నవంబరులో జగిత్యాలలో, 2023 సెప్టెంబరులో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ ప్రాంతం ఏనాడూ ఊహించని సంగతి అది, దాన్ని తక్కువ చేయం. కానీ జగిత్యాలలో చదివిన పిల్ల గొల్లపల్లిలో పనిచేస్తుందన్న నమ్మకం ఏ భవనమూ ఇవ్వదు. కాలేజీలో సీటు రాగానే నీట్ పీజీ కోచింగ్ గురించి ఆలోచించే కాలం ఇది. దానికి తోడు 2022లో కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించారు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాం. అయితే సాయంత్రం క్లినిక్ మూసేశాక అప్పు తీర్చడానికి ఆ డాక్టరు చేతిలో జీతం తప్ప ఇంకేమీ మిగలదన్న సంగతి నిషేధం పెట్టిన ప్రభుత్వమే గుర్తుంచుకోవాలి.

బాండు రాయించుకోవడం సులువైన ఆలోచన. చదువైపోయాక ఇన్నేళ్లు పనిచేయాలి, లేకుంటే ఇన్ని లక్షలు కట్టాలి. ఇలాంటి బాండ్లు చెల్లుతాయని 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని అవుతుందా? పైసలున్న ఇంటి పిల్లవాడు జరిమానా పారేసి పోతాడు. లేనివాడు ఉంటాడు, క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ. సర్టిఫికెట్లు పట్టుకుని బెదిరిస్తే వచ్చిన మనిషి రోగి మొహం ఎలా చూస్తాడో చెప్పనక్కర్లేదు.

అప్పు తీర్చే పద్ధతి ఎవరిని లాగుతుంది? అప్పు ఉన్నవాళ్లనే. ఎంతోకొంత అప్పు చేయకుండా నర్సింగో ఎంబీబీఎస్సో పూర్తి చేయలేనివాళ్లు ఎవరు? బీడీ కార్మికుల పిల్లలు, పద్మశాలీల పిల్లలు, గల్ఫ్ కూలీల పిల్లలు, ఎకరం రెండెకరాల రైతుల పిల్లలు. అంటే ఈ ఊళ్ల పిల్లలే. పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లే పల్లెల్లో ఎక్కువకాలం పనిచేస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకాల్లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. వేరే ఏ వడపోతా లేకుండానే ఇక్కడ ఉండే అవకాశమున్న మనిషిని ఏరి ఇచ్చే సాధనం ఇది. బాండుకు ఆ గుణం లేదు, జీతం పెంపుకూ లేదు.

అమెరికా ఈ పనిని ఎప్పుడో మొదలుపెట్టింది. డాక్టర్లు దొరకని ప్రాంతాల కోసం 1970లో ఒక చట్టం తెచ్చి నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్‌కు పునాది వేసి, 1987 నుంచి అక్కడ పనిచేసేవారి చదువు అప్పులు తీర్చే కార్యక్రమం పెట్టింది. నర్సులకు వేరే పథకం ఉంది: రెండేళ్లు పనిచేస్తే అప్పులో 60 శాతం, మూడో ఏడు కూడా ఉంటే మరో 25 శాతం తీరుస్తారు. ఏ ఊరికి కొరత ఉందన్నది నాయకుడి సిఫారసుతో తేలదు. ఎంత జనాభాకు ఒక డాక్టరు, దగ్గరి దవాఖానకు ఎంతసేపు ప్రయాణం అని లెక్కగట్టి మార్కులు వేస్తారు. గొల్లపల్లిని అలా కొలిచి చూస్తే ఏజెన్సీ జాబితాలో లేని దాని అవసరం బయటపడుతుంది.

మనవాళ్లకు ఆ దేశపు ఇంకో చట్టం బాగా తెలుసు. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన డాక్టరు స్వదేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలి. డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు మాఫీ. 1994లో వచ్చిన ఈ సడలింపు కింద ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందిని తీసుకోవచ్చు. ఎందరో తెలుగు డాక్టర్లు ఆ దారిలోనే పేరు కూడా వినని చిన్న ఊళ్లకు వెళ్లి, మూడేళ్లు చేశారు. కొందరు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. మన పిల్లలు పల్లెకు పోరు అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. పోతారు, పోయారు. పోవడానికి తగిన లెక్క వాళ్ల ముందు ఎవరో పెట్టారు, అంతే.

దేశం లోపల కూడా దారి కొత్తది కాదు. కేరళ 2017లో 900 కోట్లతో చదువు అప్పులు తీర్చడానికి సాయం చేసే పథకం తెచ్చింది. అప్పు చేసి చదివి, వచ్చే జీతంతో కిస్తీ కట్టలేక చిక్కుకున్నవారిలో నర్సులు ఎందరో. ఆ పథకంలో గ్రామీణ సేవ షరతు లేదు. బ్యాంకుతో ప్రభుత్వం నేరుగా లెక్క చూసుకోవడం సాధ్యమేనని మాత్రం తేలింది. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి మన సమస్యకు సరిపోదు. ర్యాంకుల్లో ఉన్న సంస్థల విద్యార్థులకే అది. జిల్లాలోని చిన్న నర్సింగ్ కాలేజీ పిల్లకు అందులో చోటెక్కడ?

మన రాష్ట్ర ప్రభుత్వం పిల్లల చదువుకు, ఉద్యోగానికి చేయూత ఇవ్వదని అనలేం. అంబేడ్కర్ విద్యానిధి కింద విదేశీ చదువుకు 20 లక్షలు ఇస్తుంది. తన సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సులకు జర్మన్ భాష నేర్పి జర్మనీ పంపుతుంది. రెండూ ఉండాలి, పేదింటి బిడ్డ పై మెట్టు ఎక్కడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ గొల్లపల్లి నుంచి మ్యూనిక్ పోవడానికి ఇన్ని చేతులు సాయపడుతుంటే, గొల్లపల్లిలోనే ఉంటానన్న నర్సుకు సర్కారు తరఫున ఒక్క చేయీ లేకపోవడం ఏ న్యాయం?

అభ్యంతరాలున్నాయి, వాటిలో రెండు గట్టివి. ఒకటి, ఏడాదికి 11 లక్షలకు పైగా కట్టి మేనేజ్‌మెంట్ కోటాలో ఎంబీబీఎస్ కొనుక్కున్నవాడి అప్పు ప్రజలెందుకు కట్టాలి? కట్టకూడదు. నర్సులు, టెక్నీషియన్లు, ఫార్మసిస్టులకు 4 లక్షలు, డాక్టర్లకు 10 లక్షలు హద్దు పెట్టాలి. మేనేజ్‌మెంట్, ఎన్ఆర్ఐ కోటాలకు పథకమే వర్తించకూడదు. రెండోది, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలే తీర్చలేక కాలేజీలతో బంద్‌లు చేయించుకున్న ప్రభుత్వం కిస్తీలు టైముకు కడుతుందా? ఈ అనుమానం న్యాయమైనది. అందుకే ఏడాది సొమ్మును ముందే వేరే ఖాతాలో వేసి, మూడు నెలలకోసారి నేరుగా బ్యాంకుకు పంపాలి. ప్రభుత్వం ఆలస్యం చేస్తే ఆ అమ్మాయి సిబిల్ స్కోరు దెబ్బతినకుండా బ్యాంకులతో ముందే ఒప్పందం ఉండాలి. లేకుంటే సేవ చేసి డిఫాల్టరు అనిపించుకునే గతి పడుతుంది.

ఒకేసారి తీర్చడం కూడా తప్పే. మొదటి ఏడు 20 శాతం, రెండో ఏడు 30, మూడో ఏడు 50 శాతం అయితే ఊరు అలవాటయ్యేదాకా మనిషి నిలుస్తుంది. కాంట్రాక్టు సిబ్బంది సేవనూ లెక్కించాలి, పల్లె దవాఖానలు నడుస్తున్నది వాళ్ల మీదే. ఆర్డరులో మండలం పేరు, డ్యూటీ మాత్రం డిప్యూటేషన్ మీద జిల్లా కేంద్రంలో. ఈ నాటకం మనకు పాతదే. ఆ రోజులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఉండటానికి క్వార్టరు, రాత్రి డ్యూటీకి తలుపు గడియ సరిగ్గా పడే గది లేకపోతే ఎన్ని లక్షలు కట్టినా నర్సు నిలవదన్నది కూడా పథకం రాసేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఖర్చు ఎంత? రాష్ట్రమంతా మొదట 1,000 మందిని తీసుకుని, తలకు సగటున ఏడాదికి 2 లక్షలు వేసుకున్నా 20 కోట్లు. 2025-26 బడ్జెట్‌లో ఆరోగ్య శాఖకు పెట్టింది 12,393 కోట్లు. వంద రూపాయల్లో 16 పైసలు.

జగిత్యాల ఎమ్మెల్యే డాక్టరు, కోరుట్ల ఎమ్మెల్యే కూడా డాక్టరే, ఇద్దరి పేరూ సంజయే. అప్పు చేసి వైద్యం చదివే పిల్లల బాధ ఏమిటో ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. గొల్లపల్లి ధర్మపురి నియోజకవర్గంలో ఉంది. అక్కడి ఎమ్మెల్యే అడ్లూరి లక్ష్మణ్ కుమార్ 2025 జూన్ నుంచి మంత్రి. స్కాలర్‌షిప్పులు, విదేశీ విద్యానిధి చూసే ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆరోగ్య మంత్రి దామోదర రాజనర్సింహతో కూర్చుని ఈ ప్రతిపాదనను వచ్చే బడ్జెట్‌లో పెట్టించాల్సింది ఆయనే. సొంత నియోజకవర్గంలోని ఈ మండలాన్ని, పక్కన కోరుట్ల, సిరిసిల్ల వైపు మండలాలను మొదటి విడతలో చేర్చాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, ఒక జీవో, ఒక బ్యాంకు ఖాతా చాలు.