పైపుల పటం చదవడం ప్రతి కార్మికుడికీ నేర్పాలి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ కాగి ఊరిమీద విషపు ఆవిరి కమ్మి 12 మంది చనిపోయాక, ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ట్యాంకు వేడిని అడుగున మాత్రమే కొలిచారని, పైపొరల వేడి ఆ కొలతకు అందలేదని తేల్చింది. ఏ పరికరం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ప్లాంటు పటంలోనే కనిపిస్తుంది. దాన్ని చదవగలిగిన వాళ్లు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి.

ఆ పటంలో ఒక్కో పరికరానికి ఒక్కో వృత్తం, అందులో కొన్ని ఇంగ్లిష్ అక్షరాలు, కింద ఒక అంకె ఉంటాయి. ఐఎస్‌ఏ 5.1 ప్రమాణం ప్రకారం మొదటి అక్షరం కొలిచేదేమిటో చెబుతుంది: టీ ఉష్ణోగ్రత, పీ పీడనం, ఎల్ మట్టం, ఎఫ్ ప్రవాహం. తరువాతి అక్షరాలు పరికరం చేసే పనిని చెబుతాయి. ఐ అంటే చూపేది, సీ అంటే అదుపు చేసేది, ఏ అంటే అలారం, దాని పక్కన హెచ్ ఉంటే హద్దు మించినప్పుడు మోగేది. పీఎస్‌వీ అంటే పీడనం మితిమీరితే తనంత తాను తెరుచుకునే సేఫ్టీ వాల్వు. వృత్తానికి అడ్డగీత ఉంటే ఆ పరికరం కంట్రోల్ రూములో, లేకుంటే యంత్రం దగ్గరే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలోని అమ్మోనియా రిసీవరు మీద ఎల్ఐ మాత్రమే ఉండి ఎల్ఏహెచ్ లేదంటే, మట్టం పెరిగినా ఏ గంటా మోగదు. రాత్రంతా ఎవరో ఒకరు కళ్లతో చూస్తూ ఉండాల్సిందే.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిగింజల చెక్క నుంచి నూనె లాగే సాల్వెంట్ ప్లాంట్లలో వాడే హెక్సేన్ 69 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, గాలిలో 1.1 శాతం కలిసినా నిప్పురవ్వకు అంటుకుంటుంది. అలాంటి చోట పటాన్ని మేనేజరు బీరువాలో దాచి, వాల్వులు తిప్పే మనిషిని చీకట్లో ఉంచడం నేరం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత 1987లో అప్పటి ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-బి సెక్షను, ప్రమాదాల వివరాలను కార్మికులకు తెలపడం యాజమాన్యం బాధ్యతని స్పష్టంగా చెప్పింది. సీజను కూలీలకు ఇంగ్లిష్ రాదనే సాకు నిలవదు; యార్డులో మిర్చి టిక్కీల మీద మార్కులు, లాటు నంబర్లు చూసి వేరుచేసే హమాలీకి ఈ పది అక్షరాలు ఒక పూటలో వస్తాయి.

సాల్వెంట్ ప్లాంట్లలోనూ మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లోనూ పటాన్ని, తెలుగులో అక్షరాల పట్టికను గోడకు కట్టాలి. యూనియన్లు, ఐటీఐ అధ్యాపకులు, ఫ్యాక్టరీల శాఖ అధికారులు వచ్చే మిర్చి సీజను లోపే ఈ పని చేయించాలి. పటం చూపని చోట కార్మికులు షిఫ్టు ఎక్కే ముందే దాన్ని అడిగి తీరాలి.